పదిహేను మిల్లీగ్రాముల ఓపిక

ఇంగ్లీషులో "లో ఎనర్జీ" అని రెండు మాటల్లో తేల్చేసే సంగతికి తెలుగులో అరడజను మాటలున్నాయి. నీరసం, నిస్సత్తువ, అలసట, బద్ధకం, నిరుత్సాహం. వీటన్నిటికంటే నాకు మా అమ్మ వాడే మాట ఇష్టం. "ఓపిక లేదే" అంటుంది. ఒంట్లో సత్తువ లేదనీ, ఓర్చుకోవడం ఇక తన వల్ల కాదనీ, రెండూ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. నేను వాడే మాట వేరు. "ఏదీ చేయబుద్ధి కావట్లేదు." అమ్మ వాక్యంలో ఉండాల్సిందేదో లేదు, అది తెచ్చి ఇస్తే సరిపోతుంది. నా వాక్యంలో లేనిదేమిటో తెలీదు. ఆ మాటకొస్తే అందులో నేను కర్తని కూడా కాను. బుద్ధి అనేదెక్కడో ఉంది, అది కావట్లేదు, నేను పక్కన కూర్చుని చూస్తున్నాను.

కిందటి జనవరిలో ఈ రెండు వాక్యాలకీ ఒకటే జవాబు న్యూజెర్సీ నుంచి వచ్చింది. మా పెద్దమ్మ కొడుకు సంక్రాంతికి వస్తూ రెండు సీసాలు తెచ్చాడు, పిన్నికొకటి, చెల్లికొకటి. ఎల్-మిథైల్ ఫోలేట్. ఒక్కో మాత్ర 15 మిల్లీగ్రాములు.

అన్నయ్య కథ ఊరికే కొట్టిపారేసేది కాదు. రెండేళ్ళలో రెండుసార్లు ఉద్యోగం పోయింది. మూడోది దొరికాక కూడా పొద్దున్నే లేచి లాప్‌టాప్ ముందు కూర్చుని, పదకొండు దాకా ఒక్క మెయిల్ కూడా తెరవలేకపోయేవాడట. అక్కడెవరో చెబితే ఉమ్మి పంపి జన్యుపరీక్ష చేయించుకున్నాడు. ఎం.టి.హెచ్.ఎఫ్.ఆర్. అనే జన్యువులో తేడా ఉందని తేలింది. ఆ తేడా ఉన్నవాళ్ళకి మామూలు ఫోలిక్ యాసిడ్ పనికిరాదనీ, తయారుగా ఉన్న మిథైల్ ఫోలేటే వేసుకోవాలనీ చెప్పారు. వేసుకున్నాడు. "నెల తిరిగేసరికి మళ్ళీ మనిషినయ్యానే" అన్నాడు. "మనింట్లో అందరికీ ఇదే ఉండుంటుంది. అందరమూ ఇంతే కదా, డల్లుగా."

అందరమూ ఇంతే అన్న మాట నిజమే. అందుకే నాకు నవ్వొచ్చింది, కొంచెం ఆశ కూడా కలిగింది. నా దిగులుకి ఒక జన్యువు కారణమని తేలిపోతే ఎంత హాయి!

ముందు 15 మిల్లీగ్రాములంటే ఎంతో చూద్దాం. ఫోలేట్‌ని మామూలుగా కొలిచేది మైక్రోగ్రాముల్లో. అమెరికాలో పెద్దవాళ్ళకి రోజుకి 400 మైక్రోగ్రాములు చాలంటారు. మన పీహెచ్‌సీల్లో గర్భిణులకి ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతోపాటు ఉండేది 500. అన్నయ్య మాత్రలో 15,000. ఎర్ర మాత్రలు ముప్ఫై ఒక్క గుక్కలో మింగినట్టు. ఆకుకూరల లెక్కలో చెప్పాలంటే సుమారు ఎనిమిది, పది కిలోల పచ్చి పాలకూర. రోజూ.

ఆకుకూర లెక్క ఊరికే సరదాకి చెప్పలేదు. ఫోలిక్ అన్న పేరు లాటిన్‌లో ఆకు అనే మాట నుంచి వచ్చింది. 1941లో టెక్సస్‌లో ముగ్గురు శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర పిండి, అందులోంచి చిటికెడు పదార్థం తీసి దానికి ఆ పేరు పెట్టారు. అయితే దాని కథ అంతకు పదేళ్ళ ముందే మన దేశంలో మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరు బొంబాయి వచ్చింది. అక్కడి బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళకి గర్భంతో ఉన్నప్పుడు విపరీతమైన రక్తహీనత వచ్చేది. ప్రాణాలు పోయేవి. వాళ్ళు తినే తిండిలో ఏదో లేదని ఆమెకి అనుమానం. ఎలుకల మీదా కోతుల మీదా ప్రయోగాలు చేసి, చివరికి చవకరకం ఈస్టు ముద్ద, మార్మైట్, పెట్టి చూసింది. ఆ ఆడవాళ్ళు కోలుకున్నారు. అందులో ఏముందో ఆమెకి తెలీదు. ఏదో ఉందని మాత్రం 1931లో ప్రచురించింది. చాలాకాలం దాన్ని విల్స్ ఫ్యాక్టర్ అనే పిలిచారు. ఆమె కొన్నాళ్ళు కూనూరులో కూడా పనిచేసింది. ఆ ఊళ్ళో మొదలైన పోషకాహార ప్రయోగశాలే 1958లో హైదరాబాద్ వచ్చి, ఇప్పుడు తార్నాకలో ఎన్.ఐ.ఎన్. పేరుతో ఉంది. నేను రోజూ ఆ గేటు ముందు నుంచే ఆఫీసుకి వెళ్తాను. చాలా రోజులు బస్టాపు పేరుగా తప్ప దాని సంగతి నాకు తెలీదు.

ఇక మనవాడు. యల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుగువాళ్ళం ఏడాదికోసారి జయంతికి గర్వపడి ఊరుకుంటాం. భీమవరంలో 1895లో పుట్టాడు. మా అమ్మ ఉండే తాడేపల్లిగూడేనికి దగ్గరే. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో కొద్ది రోజుల తేడాలో చనిపోయారని జీవితచరిత్రలు చెబుతాయి. ఆయనకీ అదే జబ్బు వచ్చి, ఆయుర్వేద వైద్యంతో బయటపడ్డాడు. పేగులు తిండిలోని సారాన్ని పీల్చుకోలేక మనిషి శుష్కించిపోయే జబ్బది. లోపల ఫోలేట్ కూడా అడుగంటుతుంది. ఆ కుర్రాడు 1922లో అమెరికా వెళ్ళి, హార్వర్డ్‌లో ఏళ్ళ తరబడి పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీలో చేరాడు. అది పెర్ల్ రివర్‌లో ఉండేది, న్యూయార్క్ రాష్ట్రం అంచున, న్యూజెర్సీకి ఆనుకుని. అక్కడ ఆయన నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ముల్ని తీసుకుపోయిన జబ్బుకి పనికొచ్చే మందు అది. అన్నయ్య ఇంటి నుంచి పెర్ల్ రివర్ అరగంట కూడా ఉండదు. చెబితే, "అవునా, అటు మేం యాపిల్స్ కోయడానికి వెళ్తాం" అన్నాడు.

ఈ చరిత్రంతా లేమి చరిత్ర. మిల్లులో పనిచేసే ఆడవాళ్ళకి లేదు, ఇస్తే లేచి కూర్చున్నారు. స్ప్రూ రోగులకి లేదు, ఇస్తే రోజుల్లో ఆకలేసింది, ముఖంలో కళ వచ్చింది. అలాంటి వైద్యం చూసినవాళ్ళు దాన్ని అద్భుతం అనుకోవడంలో వింతేముంది? ఇబ్బందల్లా, లేనివాడికి ఇస్తే లేచాడు కాబట్టి ఉన్నవాడికి ఇంకా ఇస్తే పరిగెడతాడు అనుకోవడంలో ఉంది.

లేకపోతే మనసు కూడా కుంగుతుందా? కుంగుతుంది. ఈ విషయంలో నాకు బాగా నచ్చిన సాక్ష్యం విక్టర్ హెర్బర్ట్ అనే అమెరికన్ డాక్టరుది. ఈయన తనమీద తానే ప్రయోగం చేసుకున్నాడు. తినే ప్రతిదాన్నీ మూడేసి సార్లు ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, ఫోలేట్ దాదాపు లేని తిండి నెలల తరబడి తిన్నాడు. నాలుగు నెలలు దాటేసరికి నిద్ర పట్టడం మానేసింది, మతిమరుపు వచ్చింది, ఊరికే చిరాకు. ఆ తర్వాతే రక్తహీనత బయటపడింది. ఫోలిక్ యాసిడ్ వేసుకోవడం మొదలుపెట్టిన రెండు రోజుల్లో ఆ చిరాకూ మతిమరుపూ పోయాయట. 1962లో ప్రచురించాడు. మూడుసార్లు ఉడికించిన కోడిమాంసం నాలుగు నెలలు తింటే ఫోలేట్ సంగతెలా ఉన్నా నాకైతే చిరాకు మొదటి వారంలోనే వచ్చేది, అది వేరే విషయం.

కారణం కూడా అర్థమయ్యేదే. ఒంట్లో ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒక్కో కార్బన్ అణువుని మోసుకెళ్ళే కూలీ ఫోలేట్. కొత్త కణాలు పుట్టాలంటే ఆ మోత కావాలి, అందుకే లేకపోతే ముందు రక్తం దెబ్బతింటుంది. మెదడులో సెరొటోనిన్, డోపమిన్ లాంటివి తయారవడానికి కూడా ఆ మోత అవసరం. డిప్రెషన్ ఉన్నవాళ్ళలో ఫోలేట్ తక్కువగా కనపడటం ఎప్పటినుంచో గమనించారు. అయితే తిండి తగ్గడం వల్ల ఫోలేట్ తగ్గిందా, ఫోలేట్ తగ్గడం వల్ల దిగులు వచ్చిందా అన్నది గుడ్డూ పిల్లా కథ. దిగులుగా ఉన్నవాళ్ళెవరూ తోటకూర కడుగుతూ కూర్చోరు కదా.

మరి తక్కువ లేనివాళ్ళకి ఎక్కువ ఇస్తే? వేల్స్‌లో 475 మందితో ఒక పెద్ద పరీక్ష చేశారు. డిప్రెషన్ మందులు వాడుతున్నవాళ్ళకి తోడుగా రోజుకి 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్, పన్నెండు వారాలు. 2014లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్రకీ దీనికీ తేడా లేదు. అన్నయ్య పక్షాన మాట్లాడేది 2012లో అమెరికాలో వచ్చిన ఇంకో పరీక్ష. అందులో మిథైల్ ఫోలేట్ 7.5 మిల్లీగ్రాములతో ఏ తేడా రాలేదు. 15తో వచ్చింది. మాత్ర వేసుకున్నవాళ్ళలో నూటికి ముప్ఫై రెండు మందికి గుణం కనపడితే, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో నూటికి పదిహేను మందికి కనపడింది. ఈ 15 అనే అంకె అక్కడినుంచే సీసాల మీదకి ఎక్కింది. చూస్తే బాగానే ఉంది. కానీ ఆ రెండో పరీక్షలో ఉన్నది 75 మంది, డబ్బు పెట్టింది ఆ మందు అమ్మే కంపెనీ. అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళంతా డాక్టరు నిర్ధారించిన డిప్రెషన్‌కి మందు వాడుతూ, ఆ మందు సరిగ్గా పనిచేయక మిగిలిపోయినవాళ్ళు. ఆ మందుకి తోడుగా ఇది ఇచ్చారు. "నాకు ఈమధ్య ఉత్సాహంగా లేదండీ" అనేవాళ్ళని ఎవరూ చేర్చుకోలేదు. అంటే మా అన్నయ్యనీ, నన్నూ.

జన్యువు సంగతి కూడా ఒక మాట. ఆ జన్యువులో బాగా కనపడే తేడా చాలా మామూలుది, లోకంలో కోట్లమందికి ఉంది. రెండు ప్రతుల్లోనూ ఉన్నా, అదే మోతాదు ఫోలిక్ యాసిడ్ తీసుకుంటే రక్తంలో ఫోలేట్ మిగతావాళ్ళకంటే ఓ పదహారు శాతం తక్కువ ఉంటుందని అమెరికా ప్రభుత్వ ఆరోగ్యసంస్థ సి.డి.సి. చెబుతోంది. అలాంటివాళ్ళు కూడా మామూలు ఫోలిక్ యాసిడ్‌ని వాడుకోగలరని కూడా అదే చెబుతోంది. పైగా అమెరికాలో 1998 నుంచి గోధుమపిండిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. అన్నయ్య పొద్దున తినే బ్రెడ్డులోనే ఉంది.

ఇవన్నీ నేను తర్వాత కూర్చుని చదివిన సంగతులు. సీసాలు వచ్చిన వారంలో చేసిందల్లా, అమ్మ పండక్కి హైదరాబాద్ వచ్చి ఉంది కదా అని, రెండు సీసాలూ ఇద్దరు మనుషులూ కలిసి ఒక డాక్టరుగారి దగ్గరికి వెళ్ళడం. వేసుకోవచ్చా అని అడగడానికి.

అమ్మకి అరవై మూడు. స్కూల్లో సోషల్ చెప్పి రిటైరైంది. పేపరు మొదటి పేజీ నుంచి టెండర్ల దాకా చదివే మనిషి, ఏడాదిగా హెడ్డింగులు చూసి మడిచేస్తోంది. డాబా మీద కుండీలు ఎండిపోయాయి. "ఓపిక లేదే." పదకొండేళ్ళుగా షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతోంది. పుట్టు శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. నాలుగేళ్ళ కిందట నీరసమంటే ఊళ్ళో డాక్టరొకాయన బలానికని 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ రాశాడు. ఎన్నాళ్ళు వాడాలో రాయలేదు. మందులషాపు కుర్రాడు నెలనెలా ఆ పాత చీటీ చూసే స్ట్రిప్పులిస్తున్నాడు. అరికాళ్ళు తిమ్మిర్లంటే "షుగరు నరాలమ్మా, మామూలే" అన్నారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 12 పైనే. "రక్తం బ్రహ్మాండంగా ఉంది" అన్నారు.

ఇక్కడి డాక్టరుగారు మాత్రల చీటీ చదివాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అమ్మని బల్లమీద పడుకోబెట్టి, సంగీతం మాస్టార్ల దగ్గర ఉండే శ్రుతిదండం లాంటిది మోగించి చీలమండ మీద పెట్టింది. "అదురు తెలుస్తోందా అమ్మా?" "ఏం అదురు?" అంది అమ్మ. "నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియట్లేదా?" అమ్మ నావైపు చూసింది. ఎవరికీ చెప్పని సంగతి ఈవిడకెలా తెలిసిందన్నట్టు.

బి12 పరీక్షలో 122 వచ్చింది. ఆ లాబ్ కాగితం మీద కనీసం 200 పైన ఉండాలని ఉంది.

బి12 మొక్కల్లో దొరకదు. శాకాహారులకి పాలూ పెరుగే దిక్కు. దానికి తోడు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బి12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. మా అమ్మలాంటి అమ్మలు మన ఊళ్ళలో వీధికి పదిమంది ఉంటారు. బి12 తగ్గితే మామూలుగా ముందు రక్తమే చెబుతుంది. ఎర్రకణాలు ఉబ్బిపోయి, మనిషి పాలిపోయి, ఎవరైనా పరీక్షకి పంపేలా చేస్తుంది. అయితే ఫోలిక్ యాసిడ్ ఎక్కువగా అందుతుంటే బి12 లేకపోయినా రక్తం మాత్రం ఎలాగో నెట్టుకొస్తుంది. నరాలకి ఆ సౌకర్యం లేదు. అవి లోపల్లోపల దెబ్బతింటూ పోతాయి. ఇది 1940ల్లోనే తెలిసింది. ఫోలిక్ యాసిడ్ కొత్తగా వచ్చిన ఉత్సాహంలో పెర్నీషియస్ అనీమియా రోగులకి ఇస్తే రక్తం కోలుకుంది, కొందరికి కాళ్ళు చచ్చుబడ్డాయి. ఆ జబ్బుకి అసలు మందు బి12 చేతికొచ్చింది 1948లో. సుబ్బారావు చనిపోయింది కూడా ఆ ఏడాదే. అందుకే ఇవాళ్టికీ మాత్రల ఫోలిక్ యాసిడ్‌కి డాక్టరు పర్యవేక్షణ లేకుండా రోజుకి 1 మిల్లీగ్రాము దాటకూడదనే హద్దు పెట్టారు. ఫోలేట్ విషం కాబట్టి కాదు. దొంగతనం చేసింది ఫోలేట్ కాదు, అది కుక్క నోరు కట్టేసింది, అంతే.

మిథైల్ ఫోలేట్ అయినా అంతే. అది మోసుకొచ్చిన బరువుని దింపుకునేది బి12. దింపుకునేవాడు లేకపోతే ఎంతమంది కూలీలొచ్చినా నెత్తిమీద మూటలతో వాకిట్లో నిలబడి ఉండాల్సిందే.

5 మిల్లీగ్రాముల మాత్ర మీద నాకు కోపమేమీ లేదు. ఒకసారి వెన్నెముక లోపంతో బిడ్డ పుట్టిన తల్లి మళ్ళీ గర్భం కోరుకునేటప్పుడు వేసుకునేది అదే మోతాదు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ వాడేవాళ్ళు తోడుగా వేసుకునేదీ అదే. మెథోట్రెక్సేట్ కూడా సుబ్బారావు మనుషులు ఫోలిక్ యాసిడ్‌కి విరోధులుగా తయారుచేసిన మందుల్లోంచి వచ్చిందే. వాటిల్లో ముందొచ్చిన అమినోప్టెరిన్‌తోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్ని కొన్నాళ్ళయినా మళ్ళీ లేపి ఆడించగలిగాడు. ఫోలేట్ ఇస్తే ఆ పిల్లల్లో జబ్బు ఇంకా జోరందుకుంటోందని అనుమానం వచ్చాకే, దాన్ని అడ్డుకుంటే ఏమవుతుందో చూద్దామనుకున్నారు. పెరిగేదాన్నల్లా పెంచుతుంది ఫోలేట్. ఏది పెరుగుతోందో దానికి పట్టదు.

అమ్మకి సూదులు మొదలయ్యాయి. మొదట్లో రోజు విడిచి రోజు, తర్వాత వారానికొకటి, ఇప్పుడు నెలకొకటి. ఫోలిక్ యాసిడ్ ఆపారు. ఐదో వారంలో ఒకరోజు ఫోన్‌లో అరగంట పాటు పోలవరం గురించి తిట్టింది, పేపరు లోపలి పేజీల్లో ఏదో చదివి. డాబా మీద కుండీల్లో మళ్ళీ గోంగూర వేసింది. ఎడమ పాదం మాత్రం ఇంకా దూది మీద నడిచినట్టే ఉందంటుంది. అందులో షుగరు వాటా ఎంతో, బి12 వాటా ఎంతో డాక్టరుగారు చెప్పలేకపోయింది. పూర్తిగా రాకపోవచ్చని మాత్రం మెల్లిగా చెప్పింది. చెప్పు జారినప్పుడల్లా అమ్మ ఇప్పుడు కిందికి చూసుకుని నడుస్తుంది.

మా ఇంట్లో పనిచేసే ఆమె రేషన్ బియ్యంలో కాస్త పసుపు రంగులో ఉండే గింజల్ని ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేసేది. అవి ఇనుమూ ఫోలిక్ యాసిడ్‌తోపాటు బి12 కూడా కలిపిన గింజలు. అమ్మకి అది తెలిశాక ఆమెని కూర్చోబెట్టి పాఠం చెప్పింది. టీచరు పోదు.

ఇక నా సీసా. నా పరీక్షల్లో అన్నీ ఉన్నాయి. ఫోలేట్ ఉంది, బి12 ఉంది, థైరాయిడ్ సరిగ్గా ఉంది. విటమిన్ డి మాత్రం తక్కువ, ఎండ దండిగా ఉన్న ఈ ఊళ్ళో అది ఎవరికి తక్కువ కాదు గనక. "నీకు లేనిదేమీ లేదు" అంది డాక్టరుగారు. మంచి వార్తే. నాకు మాత్రం ఆ మాటకి ఏడుపొచ్చింది. లేనిదేదో ఉంటే బావుండేది. "వేసుకోవాలని ఉంటే నెల వేసుకుని చూడు, నీకు భయపడాల్సిందేమీ కనపడట్లేదు. నెల తర్వాత ఇలాగే ఉంటే ఈ దిగులు సంగతి చూసేవాళ్ళ దగ్గరికి పంపిస్తాను" అంది.

ముప్ఫై రోజులు వేసుకున్నాను. చిన్న నోటుబుక్కులో రోజూ రాత్రి ఒక వాక్యం రాశాను. ఐదో రోజున "అలమార మొత్తం సర్దాను, పాట పెట్టుకుని" అని ఉంది. అన్నయ్యకి మెసేజ్ పెట్టాను కూడా. తర్వాత చూస్తే ఆ రోజు శనివారం, అదీ నెల మొదటి శనివారం. జీతం పడిన రోజు. పన్నెండో రోజు, "మూడింటికి మెలకువ." పద్నాలుగో రోజు కూడా. పంతొమ్మిదో రోజు, "ఏమీ లేదు." ఇరవై రెండు, "ఏమీ లేదు." నేను చేస్తున్న అనువాదం ఒకటి నలభై ఒకటో పేజీలో ఆగి అప్పటికి ఏడు నెలలు. ముప్ఫయ్యో రోజున కూడా నలభై ఒకటే.

ఇది పరీక్ష కాదని నాకు తెలుసు. ఒక మనిషి, ఒక నెల, ఎంతో కొంత ఆశతో చూసుకున్న ఒంటి లెక్క. ఆ అమెరికా పరీక్షలో ఉత్తుత్తి మాత్రతో కోలుకున్న పదిహేను మందిలాగా నేను కూడా లేచి ఉంటే, ఈ వ్యాసం ఇంకోలా రాసేదాన్నేమో. అన్నయ్య ఆ ముప్ఫై రెండులో ఒకడో, పదిహేనులో ఒకడో, మూడో ఉద్యోగం నిలబడటం వల్ల కుదుటపడ్డవాడో ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. తేలాల్సింది అది కాదు కూడా. అమ్మ నీరసానికి పేరుంది, అంకె ఉంది, సూది ఉంది. నాలుగేళ్ళపాటు ఎవరూ అడక్కపోవడానికి కారణం అప్పటికే ఒక మాత్ర జవాబుగా ఇచ్చేసి ఉండటమే. నాది ఇంకో జాతి. దానికి అంకె లేదు. ఒకే సీసా మా ఇద్దరికీ వచ్చిందంటే, మా ఇద్దరినీ ఎవరూ ఏమీ అడగలేదనే.

నెల తర్వాత డాక్టరుగారు చెప్పిన చోటికి వెళ్ళాను. అక్కడ మొదటి గంటంతా ప్రశ్నలే. నిద్ర ఎప్పుడు పడుతోంది, ఆకలి ఎలా ఉంది, కిందటిసారి దేనికోసమైనా ఎదురుచూసింది ఎప్పుడు. ఆ ఆఖరిదానికి చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. డిప్రెషనే అన్నారు, మధ్యరకం. ప్రస్తుతానికి మందుల్లేకుండా వారం వారం వెళ్ళి మాట్లాడుతున్నాను. అనువాదం నలభై ఏడో పేజీలో ఉంది. ఆ ఆరు పేజీలు ఎలా జరిగాయో చెప్పాలంటే వేరే రాయాలి.

మొన్న ఆదివారం అన్నయ్య వీడియో కాల్ చేశాడు. అమ్మ కుండీల్లో గోంగూర చూపించింది. కబుర్ల మధ్యలో, "మాత్రలు అయిపోయాయా, మళ్ళీ పంపించనా పిన్నీ?" అన్నాడు.

"నేను మొదలే పెట్టలేదు నాన్నా. నువ్వు ఇంకా వేసుకుంటున్నావా?"

"రోజూ. ఎనిమిది నెలలైంది."

"నీ బి12 ఎంతరా?"

అటువైపు మాట లేదు. అన్నయ్య కూడా పుట్టు శాకాహారే. అక్కడికి వెళ్ళి పద్ధెనిమిదేళ్ళయినా గుడ్డు ముట్టలేదని పెద్దమ్మ ఊరంతా చెప్పుకుంటుంది. ఎసిడిటీకి రోజూ ఏదో మాత్ర వేసుకుంటాడు, ఏళ్ళ తరబడి వాడితే అది కూడా బి12ని సరిగా అందనివ్వదు. జన్యువులు చూపించుకున్నాడు గానీ ఇది మాత్రం చూపించుకోలేదు. అక్కడెవరూ అడగలేదట.

"కాళ్ళు ఏమైనా తిమ్మిర్లెక్కుతున్నాయా?" అమ్మ ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది, ఆయన కాళ్ళు అందులో కనపడతాయన్నట్టు.

"లేదు పిన్నీ. అంటే, డెస్క్ దగ్గర ఎక్కువసేపు కూర్చుంటే కొంచెం."

"రేపే ఇచ్చిరా."

"పరగడుపునే ఇవ్వాలా?"

"అక్కర్లేదమ్మా" అంది. "తిని వెళ్ళు."